మూడో విజిల్

ఆ రోజుల్లో చిత్రకారుల పేర్లు గోడల మీద ఉండేవి, వాళ్లకు పప్పు వండిపెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండేవి కావు. ఈ రోజుల్లోనూ లేవు. ఈ విషయమై వెల్లింగ్టన్‌లో ఒక గ్యాలరీకి ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి జవాబొచ్చింది, 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని. నాది ఆసక్తి కాదు, ఫిర్యాదు. మీరైనా వినండి.

పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో చదువుకునేటప్పుడు మా ఫ్లాట్‌లో పక్క గదిలో ఒక కాటలాన్ అమ్మాయి ఉండేది. (స్పెయిన్ అమ్మాయి అంటే రెండు రోజులు మాట్లాడేది కాదు. పట్టుదలలో ఇద్దరం ఒకటే.) నేను రంగులమ్మ అని పిలిచేవాణ్ణి. ఆయిల్ బొమ్మలు వేసేది, అవి ఆరేలోగా మట్టితో కుండలు చేసేది, కుండలు ఆరేలోగా వీడియోలు తీసేది. వండుకునే తీరిక మాత్రం ఉండేది కాదు. మా అమ్మ ఇచ్చిన కుక్కర్‌లో నేను పప్పు పెడితే గిన్నె పట్టుకుని వచ్చి నిలబడేది.

"అయిందా?"

"మూడు విజిల్స్ రావాలి."

"నాలుగొస్తే?"

"అక్కడ మా అమ్మకు తెలిసిపోతుంది."

ఒకరోజు గిన్నెతో పాటు మైకు కూడా తెచ్చింది. నేను పట్టించుకోలేదు. అదే నా తప్పు.

మరుసటి ఏడాది వెల్లింగ్టన్‌లో ఆమె మొదటి పెద్ద ప్రదర్శన. నన్ను పిలిచింది. మనురేవా ఊరి నుంచి నన్ను చూడ్డానికొచ్చిన, నర్సుగా పనిచేసే మా ఆంటీని వెంటబెట్టుకుని వెళ్లాను. గోడల నిండా మా వంటగది బొమ్మలు, మధ్యలో మట్టితో చేసిన కుక్కర్, వెనక వీడియోలో ఆవిరి. ఉన్నట్టుండి విజిల్. మాదే! (ప్రతి కుక్కర్‌కూ ఒక గొంతుంటుంది. మాది జలుబు చేసినట్టుండేది.) పక్కనున్న కార్డు చదివాను. రంగులమ్మ పేరుంది, నా పేరు లేదు. ఆ మంటలో ఉండగానే రెండోది వచ్చింది, మూడోది కూడా వచ్చింది. ఎవరూ కదలరు! అందరూ తలలూపుతూ వింటున్నారు.

"మూడైంది రా, కట్టెయ్! మాడిపోద్ది!" అని ఆంటీ కేక.

నా కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. గోడకున్న స్విచ్ కట్టేశాను. విజిల్‌తో పాటు వీడియో, దీపాలు, అన్నీ పోయాయి. కాపలా మనిషి నా భుజం పట్టుకున్నాడు. "వదులు నాయనా, పప్పు కోసమే చేశాడు" అంటోంది ఆంటీ అచ్చ తెలుగులో. చీకట్లో రంగులమ్మ నవ్వు వినిపించింది.

"వదిలెయ్యండి. మూడయ్యాయి. కరెక్టే."

అంతటితో మరిచిపోయేవాణ్ణే. కానీ ఆమె పేరు పెరిగింది, ఆ గది దేశదేశాలు తిరుగుతోంది. మొన్న ఇంటర్నెట్‌లో చూశాను. ఇప్పుడు సరిగ్గా మూడు విజిల్స్, ఆపైన దీపాలారిపోతాయి, ఒక నిమిషం చడీచప్పుడూ ఉండదు. చూసినవాళ్లంతా ఆ నిమిషాన్నే మెచ్చుకుంటున్నారు. కార్డు మీద ఇప్పటికీ ఒక్కటే పేరు.

ఆ కుక్కర్ ఇంకా నా దగ్గరే ఉంది. అది కూయగానే పిల్లలు "డాడ్, టూ లౌడ్!" అని తలుపులేసుకుంటారు. నేను మాత్రం మూడోదానికి స్టవ్ కట్టేసి కాసేపు అక్కడే నిలబడతాను, గిన్నె పట్టుకుని ఎవరైనా "అయిందా?" అంటారేమోనని.

రంగులమ్మా, బొమ్మలు నీవి, కుక్కర్ మా అమ్మది, ఒప్పుకుంటాను. ఆ నిశ్శబ్దం ఎవరిది? ఎనిమిదో ఉత్తరం నేరుగా నీకే రాస్తున్నాను. దీనికైనా జవాబు చెప్పు.