సర్దుకోమన్న మాట

ఆ బట్టల దుకాణంలో కుర్చీలు లేవంటే కళ్ళు పోతాయి. కొనేవాళ్ళకు మెత్తటి కుర్చీలు, గల్లాపెట్టె దగ్గర యజమానికి తిరిగే కుర్చీ. లేనిదల్లా అమ్మే ఆడవాళ్ళకే. పై అరల్లోని తానులను చెయ్యి చాపి దించుతుందని అందరూ పొడుగక్క అని పిలిచే ఆమె, పొద్దున షట్టరు లేచింది మొదలు మళ్ళీ దిగేదాకా కాళ్ళమీదే. బేరాలు లేనప్పుడూ అంతే. కాస్త గోడకు ఆనుకుందా, మేనేజరు గొంతు సవరించుకునేవాడు. ఆమె చప్పున నిటారుగా అయ్యేది.

ఇల్లు చేరేసరికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. చివరికి ఇంట్లోంచి చెక్క స్టూలు తెచ్చుకుంది. మేనేజరుకు ప్రాణం పోయినంత పనైంది.

"కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారమ్మా? కాస్త అడ్జస్ట్ అవ్వాలి," అన్నాడు.

అంతటితో ఊరుకున్నాడా మహానుభావుడు! ఆ స్టూలును ముందరి అద్దాల వెనక పెట్టి, కొత్త గౌను తొడిగిన ప్లాస్టిక్ బొమ్మను దానిమీద కూర్చోబెట్టాడు. పాపం, బొమ్మకు కాళ్ళు పీకుతాయి కదా!

పొడుగక్క మళ్ళీ తానులు మడతపెట్టే పనిలో పడింది. పక్క కౌంటర్లోనే పనిచేస్తున్న పొడుగక్క ఆడపడుచుకు మాత్రం కడుపు మండింది.

"వదినా, ఈ అడ్జస్ట్‌ని తెలుగులో ఏమంటారు?"

"ఓర్చుకోవడం."

"ఓర్చుకోవడానికి ఇవేమన్నా పురిటినొప్పులా?"

"పోనీ, రాజీ పడటం."

"రాజీ అంటే ఇద్దరూ తగ్గాలి. ఆయనెక్కడ తగ్గాడు?"

"నోరు మూసుకోవడం అనవే, గొడవొదిలిపోతుంది!"

ఇద్దరూ తానుల చాటున పకపకా నవ్వారు. మేనేజరు చెవిన పడనే పడింది.

"ఆ మాత్రం ఇంగ్లీషు రాదా? అడ్జస్ట్ అంటే సర్దుకోవడం! సర్దుకోండి!"

"అంతేనా సార్? ఇన్నాళ్ళూ అర్థం కాక చచ్చాం," అంది పొడుగక్క.

అని, సర్దుకుంది. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, కత్తెర సంచిలో వేసుకుంది. అద్దాల వెనక్కెళ్ళి బొమ్మను దించింది. కూర్చోవడం తప్ప మరేమీ చేతకాని ఆ బొమ్మ కాళ్ళు ముడుచుకునే వెల్లకిలా పడింది. పొడుగక్క స్టూలు చంకన పెట్టుకుంది.

"ఏంటమ్మా ఇది?"

"మీరేగా సర్దుకోమన్నారు!"

ఇక్కడితో ముగిస్తే బాగానే ఉండేది. కానీ పొడుగక్క ఇప్పుడు అదే వీధిలో మరో దుకాణంలో నిలబడుతోంది. అక్కడి మేనేజరుకూ ఆ ఇంగ్లీషు ముక్క వచ్చు. స్టూలు ఇంట్లో ఉంది.

కస్టమర్లు ఏమనుకుంటారో అనే కదా వీళ్ళ బెంగంతా? ఆ కస్టమర్లు మీరే. ఈసారి మెత్తటి కుర్చీలో కూర్చుని తాను మీద తాను దింపించుకునే ముందు, ఎదుట నిలబడ్డామెకు కుర్చీ ఏదని అడగండి. గల్లాపెట్టె దాకా వినబడేలా అడగండి. "కాస్త అడ్జస్ట్ అవ్వండి మేడమ్" అంటారు. అప్పుడు మీరూ సంచి సర్దుకుని, కొనకుండా బయటికి నడవండి.