ఎన్ని గంటలు నిలబడతది?

దేవప్రసాద్ ఏ వంటనూ బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. ఎన్ని గంటలు నిలబడుతుందో చెబుతాడు. అంటే, తిన్నాక మళ్లీ ఆకలి వేయడానికి ఎంతసేపు పడుతుందో అన్నమాట. ఇడ్లీ రెండు గంటలు, ఉప్మా మూడు. ఒక పెళ్లిలో బిర్యానీ ఎట్లుందని పెళ్లికూతురి తండ్రి అడిగితే, రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి చెప్తానన్నాడు. చేశాడు కూడా.

"ఆకలి రుచెరుగదంటరు. మరి రుచితోటి మనకేం పని?" అనేవాడు.

తొంభై ఆరులో యూనీస్ నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో టిఫిన్ మెస్సు పెట్టింది. మెదక్‌లో ఒక దవాఖానలో పదిహేనేళ్లు రోగులకు పథ్యం వండిన చెయ్యి ఆమెది. ఉప్పు డబ్బా దగ్గర వణికేది, కారం దగ్గర ఆగిపోయేది. వచ్చినవాళ్లు ఒక ముద్ద తిని, ఇంట్లో ఎవరికి జ్వరమని అడిగేవారు. మళ్లీ వచ్చేవారు కాదు. క్రిస్మస్ దాకా చూసి, అప్పటికీ గిరాకీ లేకపోతే తాళం వేసి మళ్లీ మెదక్ వెళ్లిపోవాలి. వెళ్లకూడదని ఆమె పట్టుదల.

దేవప్రసాద్ గన్‌ఫౌండ్రీలో బీమా ఆఫీసు గుమస్తా. ఆమె చర్చికే వెళ్లేవాడు. ఒక పొద్దున వచ్చి కిచిడీ తిన్నాడు. మర్నాడు గుమ్మంలోనే ఆగి, సందంతా వినపడేలా ప్రకటించాడు.

"ఆరు గంటలు నిలబడ్డది."

ఆయన నోట ఆరు అన్న అంకె అంతవరకు ఎవరూ వినలేదు. అబిడ్స్ అంతటా ఆయన లెక్కంటే గురి. రైలెక్కేవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, కోర్టులో పిలుపు కోసం పొద్దంతా కూర్చునేవాళ్లు యూనీస్ మెస్సు ముందు వరుస కట్టారు. దేవప్రసాద్ రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి తిని, ఆరు గంటలని చెప్పి మరీ వెళ్లేవాడు.

క్రిస్మస్ ముందు వారం సామాన్లు కొనడానికి యూనీస్ అబిడ్స్ వెళ్లింది. తొమ్మిదిన్నర. ఇరానీ హోటల్లో మూలన, గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని ఒక మనిషి సమోసా తింటున్నాడు. దేవప్రసాదే. ప్లేటులో ఇంకా రెండున్నాయి.

"ఏందన్నా, ఆరు గంటలంటిరి గదా?"

ఆయన ప్లేటును చేత్తో కప్పాడు. తర్వాత ఒప్పుకున్నాడు. "గంటన్నరమ్మా."

"మరి గిన్ని దినాలు అబద్ధం చెప్పిన్రా?"

"కిచిడీ నిలబడకుంటే నేనొక సమోసా తింట. మెస్సు నిలబడకుంటే నువ్వేం తింటవు?"

యూనీస్‌కు కోపం రావాలి. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎదురుగా కూర్చుని, ప్లేటు లాక్కుని, ఒక సమోసా పూర్తిగా తింది. ఇందులో ఏమేం వేశారో చెప్పమని వంటవాణ్ణి పిలిపించింది.

మర్నాడు కిచిడీలో ధైర్యంగా ఉప్పు వేసింది. పచ్చిమిర్చి నిలువునా చీల్చి వేసింది. దేవప్రసాద్ ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు.

"ఎన్ని గంటలన్నా?"

ఆయన గడియారం చూసుకోలేదు. ఇంకో గరిటె వెయ్యమన్నాడు.