మునెమ్మ నిలబెట్టిన వాకిలి

1946 వేసవి మొదట్లో మాట. మదనపల్లె బజారులో ఒక బట్టల అంగడి పక్కనున్న చిన్న గదిలో నా బల్ల ఉండేది. ఇల్లు గానీ అంగడి గానీ కొత్తగా కట్టాలంటే ఊరి బోర్డుకు అర్జీ పెట్టాలి, అర్జీతో పాటు మూడు ప్రతులు ప్లాను జతచేయాలి. ఆ ప్లాన్లు గీయడం నా వృత్తి. అంతకు ముందు ప్రభుత్వ ఇంజనీరు ఆఫీసులో ట్రేసరుగా, అంటే పెద్దవాళ్ళు గీసిన పటాలకు పలచటి గుడ్డ మీద నకలు తీసేవాడిగా పని చేశాను. నాకంటే వెనక చేరినవాణ్ణి నా పైన కూర్చోబెట్టారని ఆ ఉద్యోగం వదిలేశాను. ఆ ఉత్తర్వు నాకు చదివి వినిపించిన గుమాస్తా అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

టేపు, నోటుబుక్కు చంకన పెట్టుకుని బస్సుల్లో పుంగనూరు, కుప్పం దాకా తిరిగేవాణ్ణి. జనం నన్ను ప్లానప్ప అనేవాళ్ళు. నేను చెప్పబోయే సంగతి జరిగిన ఊరు ఆ దారుల్లోదే. దాని పేరు రాయను. రాస్తే ఆ ఊరి బోర్డు ఆఫీసుకు నేను గౌరవం ఇచ్చినట్టవుతుంది.

ఆ ఊళ్ళో బస్సులు ఆగే చోట మునెమ్మ అనే ఆమె బోదగడ్డి కప్పిన కొట్టంలో ఇడ్లీలు అమ్మేది. ఆమెది నిమ్మనపల్లె. మొగుడు చెంగప్ప పిండి రుబ్బేవాడు, నీళ్ళు మోసేవాడు, మాట్లాడేవాడు కాదు. ఇద్దరి మాటలూ మునెమ్మే మాట్లాడేది. కొట్టం ఉన్న ఐదంకణాల స్థలం వాళ్ళ సొంతం, రిజిస్టరు పత్రం కూడా ఉంది. ఆ ఏడు బోర్డు దండోరా వేయించింది. బజారు వీధిలో బోద, కొబ్బరాకు కప్పులు నిప్పుకు ప్రమాదం కాబట్టి వేసవి దాటేలోపల తీసేయాలి. పెంకులు కప్పి గోడలు కట్టుకుంటే ఉండవచ్చు, దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. నిబంధన మంచిదే. కాలిన కొట్టాలు నేను చూశాను. నిబంధనతో నాకు ఏనాడూ తగాదా లేదు, దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ళతోనే.

మునెమ్మ బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

"అప్పా, నాకు మేడలేం వద్దు. నాలుగు గోడలు, పైన పెంకులు, ముందర ఒక వాకిలి. బస్సు దిగినోళ్ళకు నా పొయ్యి కనబడాల. అంతే నీ ప్లాను."

"పొయ్యి ప్లానులో చూపించాలమ్మా. పొగ పోయేది కూడా."

"సూపించు. పొగ యాడికి పోతాదో దానికి తెల్సు, నువ్వు గీసినాకనా పోయేది?"

కొలిచి గీశాను. ఒక్కటే ఇబ్బంది వచ్చింది. వీధి ముందుముందు ఎంత వెడల్పు కావాలో బోర్డు తన పటం మీద ఒక గీత గీసుకుని ఉంటుంది. దాన్ని అలైన్‌మెంట్ అంటారు. కట్టేది ఏదైనా ఆ గీతకు లోపలే ఉండాలి. ఆ పటం బోర్డులో కట్టడాలు తనిఖీ చేసే ఓవర్సీరు బీరువాలో ఉంటుంది. చూడకుండా గీస్తే గుడ్డి గీత అవుతుంది. అందుకని ఆఫీసుకు వెళ్ళాను.

ఓవర్సీరు నా ఈడువాడే. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద టోపీ పెట్టుకున్నాడు. నేను పటం అడిగాను. చాలాసేపు తల ఎత్తలేదు. కాళ్ళు నొప్పి పుట్టి రెండో కుర్చీ వెనక చెయ్యి వేశాను.

"ఏమప్పా, కూసుందామనా? ప్లాన్లు గీసేటోళ్ళు నిలబడే గదా గీసేది, అలవాటైపోయింటాదిలే," అన్నాడు. గుమాస్తాలు నవ్వారు. "పటం అందురికీ సూపించేది గాదు. నువ్వు గీసుకురా, తప్పుంటే నేను సెప్తా."

ఆ రోజు బుధవారం. బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడి, నాకు కుర్చీ వేసేదాకా ఆ ఆఫీసు గడప తొక్కనని అనుకున్నాను. వీధి గీతను అంచనా మీద వేసి, అర్జీని, ప్లానును రిజిస్టరు పోస్టులో పంపాను.

ఇరవై ఎనిమిదో రోజున కాగితాలు తిరిగి వచ్చాయి. దీన్ని మా పనిలో రిటర్న్ అంటారు. లోపం ఉందని తిప్పి పంపడం, అంతవరకు నడిచిన గడువును చెరిపేయడం. నెలలోపల అర్జీకి జవాబు ఇవ్వాలని చట్టం. నెల నిండడానికి రెండు రోజుల ముందు తిప్పి పంపితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. రాసిన లోపం ఏమిటంటే, ఉత్తర దిక్కు బాణం స్పష్టంగా లేదట. నా బాణం బొటనవేలంత ఉంది. దాన్ని అరచేయంత చేసి మళ్ళీ పోస్టులో పంపాను.

ఈసారి నెల నిండింది. జవాబు లేదు, రిటర్నూ లేదు. ఇక్కడ చట్టంలో ఒక మెలిక ఉంది, చదివేవాళ్ళు గమనించాలి. నెల దాటితే అర్జీదారు బోర్డుకు గుర్తు చేస్తూ ఇంకొక కాగితం ఇవ్వాలి. ఆ తరువాత కూడా ఒక నెల ఊరకుంటే అనుమతి ఇచ్చినట్టే లెక్క. దాన్నే డీమ్డ్ పర్మిషన్ అంటారు. ఆ రెండో కాగితం సంగతి నాకు తెలుసు. ఎవరైనా ఆఫీసులో చేతికిచ్చి రసీదు తెచ్చుకోవడమే అక్కడి పద్ధతి. నేను ఇవ్వలేదు. జవాబు ఇవ్వడం వాళ్ళ పని, దాన్ని వాళ్ళకు గుర్తు చేయడానికి మళ్ళీ ఆ బల్ల ముందు నేనెందుకు నిలబడాలి అనుకున్నాను.

అదే వారం మునెమ్మ వచ్చింది. నిమ్మనపల్లె వడ్రంగి వేపమానుతో ద్వారబంధం చేసి ఇచ్చాడు. మా వైపు దాన్ని వాకిలి అంటారు. గోడలకంటే ముందే మంచిరోజు చూసి వాకిలి నిలబెడతారు. పసుపు కుంకుమ పెట్టి, నవధాన్యాలు మూటకట్టి పైన కడతారు. అది కట్టడంలో భాగమని ఎవరూ అనుకోరు. బిడ్డకు పేరు పెట్టినట్టు, స్థలానికి మంచి చేసుకోవడం అంతే.

"అప్పా, శుక్రారం దాటితే మూఢం. మల్లా మంచిదినం వచ్చేసరికి కొట్టం తీసేమనే గడువు అయిపోతాది. వాకిలి నిలబెట్టుకుందునా? కాయితం వచ్చినాక గోడలు లేపుకుంటాం."

నేను ఒక్క క్షణమే ఆలోచించాను. నా బల్ల మీద ఆ నెల రోజుల లెక్క ఉంది.

"నిలబెట్టమ్మా. వాకిలి గోడ కాదు. గడువు దాటింది, తప్పు వాళ్ళది."

శుక్రవారం పొద్దున నేనూ వెళ్ళాను. కొట్టం పక్కనున్న ఖాళీ జాగాలో నాలుగు చెక్కలు నిలబడ్డాయి. అటు ఆకాశం, ఇటు ఆకాశం. చెంగప్ప కొబ్బరికాయ కొట్టాడు. ఓవర్సీరు సైకిలు మీద అటుగా వచ్చి దిగాడు. మునెమ్మ వడపప్పు, బెల్లం ఆకులో పెట్టి ఇచ్చింది. నిలబడే తిన్నాడు. ఆకు మడిచి పారేసి, "మంచి మానమ్మా, సెదలు పట్టదు," అన్నాడు. నా వైపు చూడలేదు. మధ్యాహ్నానికి నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా పని మొదలుపెట్టినందుకు అర్జీ తిరస్కరించడమైనదని. బెల్లం తిన్న చేత్తోనే రాశాడు. ఆ నోటీసు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

మునెమ్మ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. వాకిలి పీకేసి కొత్తగా అర్జీ పెడితే వారంలో పాస్ చేయిస్తానని ఓవర్సీరు చెప్పాడట. ఆమె నా దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుంది.

"నిలబెట్టిన వాకిలి పీకేది పిండం పెట్టినట్టప్పా. నా సేతులతో సెయ్యలేను. వాకిలి వాకిలిగా ఉండనీ, కాయితం మార్చుకోండి అని నువ్వు పొయ్యి ఒక్క మాట అడుగు. నువ్వు సదువుకున్నోడివి, నీ మాట ఇంటాడు."

"వాడి దగ్గరికి నేను పోను మునెమ్మా."

"యాల?"

కుర్చీ సంగతి చెప్పాను. ఆమె నన్ను చూసింది.

"కుర్చీ యాలప్పా? నేను రోజంతా నిలబడే గదా అమ్మేది."

నాకు కోపం వచ్చింది. చిత్తూరులో బోర్డు పైఅధికారికి అప్పీలు రాస్తాను, గెలిపిస్తాను, నాకు ఒక్క కాణీ ఇవ్వనక్కరలేదు అని చెప్పాను. ఆమె లేచి కొంగు దులుపుకుంది. చెంగప్ప నా గది బయటే నిలబడి ఉన్నాడు, ఇద్దరూ వెళ్ళిపోయారు.

అప్పీలు రాశాను. నా వృత్తిలో అంత చక్కటి కాగితం ఇంకొకటి రాయలేదు. ద్వారబంధం దేన్నీ మోయదు, దేన్నీ మూయదు, దాన్ని కట్టడం అనడానికి వీల్లేదని పదకొండు పేరాలు. రిటర్ను సంగతీ అందులో పెట్టాను. వచ్చింది ఒకటే. ముసాయిదాలో కోపంతో రెండని రాసి, తర్వాత కొట్టేశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. నెలకొకసారి రాశాను. వేసవి దాటింది. బోర్డు మనుషులు వచ్చి కొక్కేలతో బోద లాగేశారు. పొయ్యి మీద వాన పడింది. వాకిలిని మాత్రం తాకలేదు, అది నా అప్పీలులో ఉంది కాబట్టి. మునెమ్మ, చెంగప్ప సామాను బండికెత్తుకుని వెళ్ళిపోయారని ఒక బస్సు కండక్టరు చెబితే తెలిసింది.

రెండేళ్ళకు, 1948లో, చిత్తూరు నుంచి ఉత్తర్వు వచ్చింది. నేనే గెలిచాను. గోడలు లేని ద్వారబంధం కట్టడం కాదు, అర్జీని బోర్డు తిరిగి పరిశీలించి అనుమతి ఇవ్వాలి. చివరి పేరాకు ముందు ఒక వాక్యం ఉంది. అర్జీదారు తరఫువారు నెల దాటిన వెంటనే గుర్తు చేస్తూ కాగితం ఇచ్చి ఉంటే ఈ అప్పీలు అవసరమే ఉండేది కాదని. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

ఆ ఊరికి వెళ్ళాను. వాకిలి అలాగే ఉంది. వానకు నల్లబడింది. నవధాన్యాల మూట చిరిగి గుడ్డపేలిక వేలాడుతోంది. ఎవరో దానికి మేకను కట్టేశారు. బస్సులు ఆగే చోటును బోర్డు ఊరి ఇంకో చివరకు మార్చింది. అక్కడ దిగి ఇంత దూరం నడిచి ఇడ్లీ తినేవాళ్ళు ఎవరూ లేరు.

మునెమ్మ కుప్పంలో ఉందని అడిగి తెలుసుకుని వెళ్ళాను. రైల్వే స్టేషను బయట గంపలో ఇడ్లీలు పెట్టుకుని అమ్ముతోంది. చెంగప్ప నీళ్ళ బిందె పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. తాను కూర్చున్న పీట కొంగుతో తుడిచి నా వైపు జరిపింది.

"కూసోప్పా. ఎంత దూరం నుంచి వస్తాండావో."

నేను కూర్చోలేదు. ఉత్తర్వు తీసి చదివాను. ఆమె చెయ్యి ఆపి విన్నది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు కింది వరుసకు దిగాయి. దాన్ని చదవలేదు.

"గెలిచినామా?" అంది.

"గెలిచాం."

"బస్సు ఈపొద్దు యాడ నిలుస్తాది?"

చెప్పాను. ఆమె చట్నీ మీద మూత పెట్టింది.

"పోనీలేప్పా. ఆ పొద్దు నువ్వు లోపలికి పొయ్యి నిలబడింటే పది నిమిషాల పని. నువ్వేమో రెండేండ్లు కూసోని రాసినావు." కోపంగా అనలేదు. రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి ఇచ్చింది. "వాకిలి ఉండాదా ఇంగా?"

"ఉంది."

"మానుకు సెదలు పట్టదని ఆ ఓవర్సీరు సెప్పినాడు సూడు, ఆ ఒక్కటే నిజం సెప్పినాడు."

ఇడ్లీలు నిలబడే తిన్నాను. రైలు వచ్చింది. ఆమె గంప ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరువాత నా పని పద్ధతి మారింది. ఎవరు వచ్చినా టేపు తీయకముందే వాకిలి ఎప్పుడు నిలబెడతారని అడుగుతాను. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి అర్జీ పెట్టిస్తాను. నెల దాటిన మరునాడు పొద్దున్నే గుర్తు కాగితం పట్టుకుని నేనే ఆఫీసుకు పోతాను. కుర్చీ వేస్తే కూర్చుంటాను, వేయకపోతే నిలబడతాను, రసీదు తీసుకుని వస్తాను. ప్లానుకు మూడు ప్రతులు ఎంత అవసరమో ఆ నిలబడడం కూడా అంతే అవసరమని, మునెమ్మ కొట్టం పోయాక నేర్చుకున్నాను.

ఓవర్సీరును మాత్రం క్షమించలేదు. అతను బెల్లం తిన్న సంగతి నేను మరిచిపోను. అయితే ఆ కోపం ఇప్పుడు నా ఇంట్లోనే ఉంటుంది. ఇంకొకరి అర్జీలోకి దాన్ని రానివ్వను.