నిలబడి విసరని పిల్ల

మా చిన్నది పుట్టినప్పుడే బరువు. ఎత్తుకున్నవాళ్లంతా 'అబ్బో' అనేవాళ్లు. మెట్‌పల్లి దగ్గర మా పసుపు చేలలోనే పెరిగింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కూలీలతో సమానంగా పసుపు బస్తాకు ఒక కొస పట్టేది. బడిలో వ్యాయామ టీచర్ దాని భుజాలు చూసి చేతికి డిస్కస్ ఇచ్చింది. నిలబడ్డ చోటు నుంచే విసిరి మండల పోటీల్లో మొదటి బహుమతి తెచ్చింది. ఊరంతా చెప్పుకున్నాను. దాచుకోవడానికి అదేమన్నా దొంగసొమ్మా?

టీచర్ మాత్రం అసలు పని ఇప్పుడే మొదలన్నది. పొద్దున్నే జిమ్ముకు తీసుకెళ్లి, ఒట్టి ఇనుప రాడ్డు భుజాల మీద పెట్టి గుంజీలు తీయించింది. చూసి నాకు ఒళ్లు మండింది.

"మేడం, మా పిల్ల బస్తాలు లేపుతది. గీ ఒట్టి రాడ్డుతోని ఏం బలమొస్తది?"

"బలం ఎప్పటికెల్లో ఉన్నదక్కా. గా బలం కాళ్లకెల్లి నడుముకు, నడుముకెల్లి చెయ్యికి పోతలేదు. ఒళ్లు సక్కగ దించుడు, లేపుడు రానియ్యి. గప్పుడు బరువు పెడ్త" అన్నది టీచర్. ఆమె నాకన్నా ఎంతో చిన్నది, నా నోరేమో పెద్దది! అయినా నేనే తగ్గాను.

మెల్లగా రాడ్డుకు బరువులు ఎక్కాయి. సాయంత్రాలు మైదానంలో గిర్రున తిరిగి విసరడం నేర్పింది. వలయంలో వెనక్కి తిరిగి నిలబడాలి. పాదం ముందుభాగం మీద గిర్రున తిరిగి, చెయ్యిని అన్నిటికన్నా చివర వదలాలి. ముందు డిస్కస్ లేకుండా ఒట్టి తిరుగుడే. ఇంటికొచ్చి వాకిట్లోనూ అదే పని. మా అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, "గీ పిల్లకు శిగమొచ్చిందా, దేవత పూనిందా ఏంది? జర నిమ్మకాయ తీస్కరాపో" అన్నది. పిల్ల నవ్వాపుకోలేక వెళ్లి దర్వాజకు గుద్దుకుంది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. అలా గిర్రున తిరిగి విసరడం మొదలుపెట్టాక డిస్కస్ పోతే వలయం చుట్టూ కట్టిన వలలోకి పోయేది, లేదంటే పాత దూరంలో సగానికే పడేది. ఒక సాయంత్రం నా ముందే బూట్లు గోడకేసి కొట్టి, "నిలవడి ఏస్తే మంచిగ పోతుండెనే అవ్వా. కరీంనగర్ల నన్ను రాష్ట్ర పోటీలకు తీస్కోకపోతే, ఇగ డిస్కస్ ముట్ట" అన్నది. అన్నదంటే అన్నదే. ఆ మొండితనం నా దగ్గర్నుంచే వచ్చింది కాబట్టి నాకు నిజంగా భయమేసింది.

కరీంనగర్‌లో ఎంపిక రోజు తలా మూడు అవకాశాలు. మా పిల్ల మొదటిది వలలోకి కొట్టింది. రెండోసారి కాలు వలయం దాటింది, ఎర్రజెండా లేచింది. ఇంక ఒక్కటే మిగిలింది. నిలబడి విసిరితే ఎంతో కొంత దూరం లెక్కకు వస్తుంది, ఎంపికకు అదే చాలినా చాలవచ్చు. గిర్రున తిరిగి విసిరి, అదీ తప్పితే ఆట అక్కడితో సరి.

నేను ఆగలేకపోయాను. కంచె దాకా ఉరికి, "బిడ్డా, తిరగకు! నిలవడి ఎయ్!" అని అరిచాను. మైదానమంతా నావైపు చూసింది. టీచర్ మాత్రం పిల్ల పాదాలనే చూస్తూ ఉంది.

పిల్ల నన్ను చూసింది. అరచేతికి ఇంత మట్టి రాసుకుని, తల అడ్డంగా ఊపింది. తర్వాత వలయంలోకి పోయి, వెనక్కి తిరిగి నిలబడింది.

కాళ్లు ముందు కదిలాయి, వాటి వెంట నడుము. చెయ్యి ఎక్కడో వెనకాల ఉండిపోయింది. చివరికి అది వచ్చినప్పుడు డిస్కస్ వల అంచు పక్క నుంచి దూసుకుపోయి, ఎంతకీ కిందికి దిగలేదు. అంత దూరం మా పిల్ల ఎప్పుడూ విసరలేదు. తెల్లజెండా లేచింది. ఎంపికైనవాళ్లలో మా పిల్ల పేరు అందరికన్నా చివర చదివారు. నాకు అదే మొదటి పేరు.

తిరుగు బస్సులో అది నా భుజం మీద నిద్రపోయింది. పక్క సీటు పెద్దామె, "ఏమైందమ్మా, పిల్ల గట్ల వడిలిపోయింది?" అని అడిగింది.

"నా బిడ్డ నా మాట ఇనలేదక్కా" అన్నాను, పట్టలేని సంతోషంతో.

"గీ కాలం పిల్లలు గంతేనమ్మా. ఫికర్ జెయ్యకు" అని ఆమె నా చెయ్యి పట్టుకుని ఓదార్చింది.

ఓదార్పు ఎవరికి కావాలి? నా బిడ్డకు నాకన్నా గుండె గట్టిదని ఆమెకు అర్థమయ్యేదాకా మొత్తం కథ చెప్పాను.