వేళ్లక్క గిల్లేసిన బుడిపెలు

నర్సరీలో అందరూ వేళ్లక్క అని పిలిచే ఆవిడ ఇవాళ రిటైరయింది. మొక్కని పీకి వేరు చూస్తే చాలు, దాని జాతకమంతా చెప్పేస్తుంది. అలాంటి మనిషి చేరిన కొత్తలో చేసిన ఘనకార్యం మాత్రం వినితీరాలి!

అప్పట్లో ఇంటికి ఆవిడ జీతమే ఆధారం. తల్లికి మంచం దిగే ఓపిక లేదు. హెడ్ మాలి చిక్కుడు జాతి అడవిచెట్ల మొక్కలు నాలుగొందలు అప్పగించి, కొత్త సంచుల్లోకి మార్చమన్నాడు. ఆయన్ని వెనకాల అందరూ చిటపట మేస్త్రి అనేవారు. పాత సంచులు విప్పి చూస్తే మొక్కల వేళ్లనిండా ఆవగింజల్లాంటి బుడిపెలు! చీడ పట్టిందనుకుంది మహాతల్లి. నాలుగు రోజులు నడుం విరిగేలా కూర్చుని, ఒక్కటి మిగలకుండా గిల్లి పారేసి, కడిగిన ఇసుకలో నాటింది. పైగా మెచ్చుకుంటారని ఎదురుచూసింది కూడా.

కొన్ని వారాలకే మొక్కలన్నీ పాలిపోయాయి. ఆఫీసరు వచ్చి, "ఎవరి నిర్వాకం ఇది? ఇవాళే ఇంటికి పంపించేస్తాను!" అని ఎగిరాడు. ఆవిడ నోరు తెరిచేలోగా మేస్త్రి అడ్డొచ్చాడు.

"నేనే గిల్లించానండీ. రెండు నెలలు గడువివ్వండి. బాగుపడకపోతే నన్నే పంపించెయ్యండి."

ఆఫీసరు వెళ్లాక ఇక తిట్లు తప్పవనుకుంది. మేస్త్రి గేటు పక్కనున్న అదే జాతి చెట్టు కింద తవ్వి, సన్నటి వేరొకటి తెచ్చి, బుడిపెని గోటితో చీల్చాడు. లోపల ఎర్రగా ఉంది.

"ఇందులో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయమ్మా. గాలిలోని నత్రజనిని చెట్టుకి తిండిగా మార్చి పెడతాయి. చెట్టు వాటికి చక్కెర పెడుతుంది. నువ్వు వంటవాళ్లని గెంటేసి వంటిల్లు కడిగావు!"

అలాంటి బుడిపెలే నలిపి, బకెట్ నీళ్లలో కలిపి, ఇద్దరూ మొక్కమొక్కకీ పోశారు. గడువులోపే కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి. ఆవిడ ఆ మేలు మాట ఎత్తబోయినప్పుడల్లా, "పనేం లేదా?" అని మేస్త్రి కసిరేవాడు.

ఇవాళ ఆఖరి సంతకం పెట్టి, ఆవిడ తిన్నగా ఆయన ఇంటికే వెళ్లింది. కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ఆ ముసలాయన చేతులు పట్టుకుంది.

"బాబాయ్, ఆ రోజు మీరు అడ్డుపడకపోతే మా అమ్మకి మందులు కూడా ఉండేవి కావు. ముప్ఫై ఏళ్లుగా చెప్పాలనుకుంటున్నాను. మీ మేలు మర్చిపోలేను."

ఆయన ఎప్పటిలాగే మొహం చిట్లించాడు.

"ఇంతకీ ఆ నాలుగొందల్లో ఎన్ని బతికాయి?"

"మూడొందల డెబ్బై రెండు."

"మరి మిగతా ఇరవై ఎనిమిదీ ఏం చేశావు?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన చేతులు మాత్రం వదల్లేదు.