రెండు-మిథైల్ సందు

క్వీ మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. కంటబడిన ప్రతిదానికీ రసాయనశాస్త్రం పద్ధతిలో పేరు పెట్టందే ఆయనకు ముద్ద దిగదు.

ఇది ఊరికే అన్న మాట కాదు. పొద్దున్నే సందు మొగలో తామ్ అవ్వ బండి దగ్గర నూడుల్స్ గిన్నె అందుకుని, పుల్లలతో ఒక్కో పోగూ ఎత్తి, అన్నిటికన్నా పొడుగైనది ఏదో తేల్చేవారు. దానికి రొయ్య ఏ కొసకు దగ్గరగా అతుక్కుందో చూసి, ఆ కొస నుంచి లెక్క మొదలెట్టేవారు.

"మూడు-రొయ్యైల్ నూడులేన్" అని ప్రకటించేసరికి పులుసు చల్లారేది.

"మాస్టారూ, నేను పోసింది తినడానికా, నామకరణానికా?" అనేది అవ్వ.

తామ్ అంటే ఎనిమిది. దక్షిణాదిన, కన్ థో వైపు, మనుషుల్ని పుట్టిన వరసలో అంకెలతోనే పిలుస్తారు. కాకపోతే పెద్దబిడ్డే 'రెండు'. 'ఒకటి' అనే బిడ్డ ఏ ఇంట్లోనూ ఉండదు.

ఆ అలవాటే ఉయెన్ కొంప ముంచింది. సందులో ఐదో ఇంటి దగ్గర పక్కకు చీలిన ఇరుకు దారిలో తల్లితో ఉండే పిల్ల. నెల తిరిగితే నర్సు కోర్సుకి పరీక్ష. మాస్టారు అవ్వ బండి పక్కనే స్టూలు వేసి ఊరికే పాఠం చెప్పేవారు. కార్బన్ గొలుసుకి అంకెలు వెయ్యమంటే ఆ పిల్ల రెండు, మూడు, నాలుగు అని మొదలెట్టింది.

"ఒకటేదమ్మా?"

"పెద్దవాడు రెండే కదా మాస్టారూ."

మాస్టారు నవ్వలేదు. "కార్బన్లది ఉత్తరాది కుటుంబం అనుకో. వాళ్లలో రెండంటే రెండోవాడే. పెద్దవాడు ఒకటి. ముందు పొడుగు గొలుసు వెతుకు. కొమ్మ ఏ కొసకు దగ్గరో అక్కణ్ణుంచి లెక్కపెట్టు. కొమ్మకి చిన్న అంకె రావాలి. ఒక్క కార్బన్ కొమ్మయితే మిథైల్, ఆరు కార్బన్ల గొలుసయితే హెక్సేన్."

అవ్వకు చదువు ఐదో తరగతిలో ఆగింది గాని ఆరా ఆగలేదు. ఆకుకూర వలుస్తూ పాఠమంతా వింది.

ఎండాకాలం వచ్చి ఏటినీళ్లు ఉప్పెక్కాయి. తెల్లవారగానే నీళ్లబండి వచ్చి ఇళ్ల నంబర్ల వరసలో పోసేది. వీధి మొగలో మాస్టారిది ఒకటి, అవ్వది రెండు, కాలువ దగ్గరిది ఆరు. ఆ తర్వాతే ఉయెన్ ఇల్లు. అక్కడికి వచ్చేసరికి బండి ఖాళీ. బిందెతో పక్క సందుకి పరుగెత్తి తిరిగొచ్చేసరికి పాఠం అయిపోయేది. ఆ వారంలో నాలుగు పాఠాలు పోయాయి. పరీక్షా పోయేలాగే ఉంది.

ఒకరోజు అవ్వ లేచేసరికి ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో కొత్త అంకెలు. కాలువ కొసది ఒకటి. అవ్వది ఐదు. ఉయెన్ తలుపు మీద 'రెండు-మిథైల్'.

అవ్వ చీపురు పుచ్చుకుని మాస్టారి మీదికి బయలుదేరింది.

"నా రెండేది? ముప్పై ఏళ్లుగా ఈ సందుకి పెద్దదాన్ని."

"మన సందు పేరు ఇన్నాళ్లూ తప్పుగా చదువుతున్నాం తామక్కా. ఇది ఐదు-మిథైల్ హెక్సేన్ కాదు, రెండు-మిథైల్. పరీక్షలో అయితే సున్నా."

"ఇక్కడ పరీక్ష ఎవడు పెట్టాడు?"

"రూలు రూలే అక్కా."

నీళ్లబండివాడు తల గోక్కుని, అంకెల వరసనే పోశాడు. ఒకటి, రెండు, రెండు-మిథైల్. ఉయెన్ బిందె ఇంట్లో దించి పరుగున వచ్చింది. మాస్టారు ఒక చేత బకెట్, ఒక చేత సుద్దముక్కతో వరసలోనే పాఠం మొదలెట్టారు.

అవ్వ తిట్టుకుంటూనే తన వంతు పట్టుకుంది. వెనక మాస్టారి వంతు వచ్చేసరికి గొట్టం రెండుసార్లు దగ్గి ఊరుకుంది. సగం బకెట్. అప్పుడు చూసింది అవ్వ, ఆయన తలుపు మీద అంకె. ఆరు. నిన్నటిదాకా ఒకటి.

చీపురు గోడకి ఆనించింది.

"ఆ రూలు పెట్టిందెవరు మాస్టారూ?"

"పెద్దవాళ్లు. ఎక్కడో దూరాన మీటింగు పెట్టుకుని."

"వాళ్ల సందులోకీ నీళ్లబండి వచ్చేదేమో."

పరీక్ష రాసిన రోజు ఉయెన్ తిన్నగా అవ్వ నూడుల్స్ బండి దగ్గరికే వచ్చింది. "ఆరు కార్బన్ల గొలుసు, ఒక కొమ్మ ఇచ్చారు అవ్వా."

"ఏం రాశావే?"

"మా ఇంటి నంబరు."

మర్నాడు అవ్వ మాస్టారి గిన్నెలో ఇంకో రొయ్య వేసింది. "రెండు రొయ్యలు గనక డై-రొయ్యైల్. పేరు నేనే పెట్టేశాను. వేడిగా తినండి."

మాస్టారు పుల్లలు ఎత్తారు. "డై సరే తామక్కా. ఏయే అంకెల దగ్గర?"

పులుసు ఆవేళ కూడా చల్లారింది.