బండ కిందికి జారిపోయిన నీళ్లు

మా మేనత్త ఇక లేదని ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. నంద్యాలలో నేను పాఠం చెప్పే బడికి బయల్దేరినదాన్ని, ఆళ్లగడ్డ బస్సు కోసం వెనక్కి తిరిగాను. నన్ను చదివించింది ఆమె నిమ్మతోట. ఆ తోట ఎట్లా పోయిందో చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను.

అత్తా మామల తోట ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల వాలులో ఉండేది. పైన మోకాలి లోతు మట్టి, కింద అంతా బండ. వాన నీళ్లు మట్టిలో ఇంకి, రాతి సందుల్లో నిదానంగా జారి, వాన వెలిసిన నెలలకు గానీ వాళ్ల బావిలోకి వచ్చేవి కావు.

"కొండ దాచిపెట్టి ఇస్తాది పాపా" అనేది అత్త. పాదుకు నీళ్లు పారించాక తడిమట్టిని అరచేత్తో తట్టడం ఆమెకు అలవాటు.

డెబ్బైల చివర్లో, నేను వాళ్లింట్లో ఉండి చదువుకునే రోజుల్లో, వరుసగా వానలు తప్పాయి. బావిలో బిందె మునగనన్ని నీళ్లు మిగిలాయి. అడుగున మందు పెట్టి బండను పేలిస్తే ఊట పెరుగుతుందని అత్తే పట్టుబట్టింది.

"ఉండేవి గూడా పోతే?" అని మామ జంకాడు.

"ఉంటే మాత్రం చెట్లు బతుకుతాండాయా? పేల్చు."

పొగ తేలిపోయాక తొంగిచూశాం. బండ నిలువునా చీలింది. ఉన్న కాసిన్ని నీళ్లూ గుడగుడమంటూ ఆ చీలికలోకి దిగిపోతున్నాయి. అత్త చీర ఎగగట్టి బావిలోకి దిగింది. బంకమట్టి కుక్కింది, గోనెపట్టలు కుక్కింది, చివరికి పైటకొంగు చించి కుక్కింది. వేళ్లు చిట్లి నెత్తురు కారుతోంది.

"ఇంగ చాలు, పైకి రా!" మామ అరిచాడు.

"యాడికి పోతాండాయో సూడు! ఇంగో గంప మన్నెయ్యి!"

వేసేకొద్దీ నీళ్లు పక్కనుంచి దారి చూసుకున్నాయి.

తర్వాత పెద్ద వానే పడింది. బావి దగ్గరికి పరుగెత్తాం. మట్టికీ బండకూ నడుమ నుంచి చుట్టూ ధారలు కారుతున్నాయి. అడుగున మాత్రం చుక్క నిలవలేదు. అత్త ఏడవలేదు. రాతికి చెయ్యి ఆనించి ఆ చప్పుడు వింటూ నిలబడిపోయింది.

కొన్నాళ్లకు వాలు కింద ఇంకో రైతు చేలో, గట్టు పక్కన కొత్త ఊట పుట్టింది. అత్త వెళ్లి అడిగింది. "అన్నా, అవి మా నీళ్లు."

ఆయన చెడ్డవాడు కాదు. "నాకూ తెలుసమ్మా. మోసుకున్నన్ని మోసుకో. అంతకుమించి నేనేం చేసేది?"

బిందెలతో వాలు ఎక్కీ ఎక్కీ ఆమె నడుం పడిపోయింది. తోట నిలవలేదు. మామ గొడ్డలితో ఒక్కో చెట్టూ కొడుతుంటే పక్కనే నిలబడింది. నా చదువు మాత్రం ఆపనియ్యలేదు. మరుసటి ఏటి నుంచి ఆ కింది చేలోకే కూలికి పోయింది, ఒంట్లో సత్తువ ఉన్నంతవరకూ.

ఒకసారి సెలవులకు వెళ్లినప్పుడు ఆమెకు ఆ చేనికి అన్నం తీసుకుపోయాను. కలుపు తీసే ఆడవాళ్లు ఆ ఊట నుంచి తీసిన కాలవ నీళ్లు దోసిళ్లతో తాగి నీడకు పోయారు. అత్త తాగలేదు.

"దప్పిక లేదా అత్తా?"

"ఉంది పాపా. ఈ నీళ్లు గొంతు దిగవు."

పగుళ్లిచ్చిన పాదాలు రెండూ కాలవలో పెట్టి కూర్చుంది. నీళ్లు ఆమె మడమల దగ్గర కాసేపు సుడి తిరిగి, వేరుశనగ సాళ్లలోకి పోతూ ఉన్నాయి.